కుట్టిన ఓడ

వంశధార సముద్రమును జేరుచోట నున్న మన కళింగపట్నము ప్రాచీనమైన రేవు. పూర్వపు టోడ లెట్లు నడచెనో తెలియుట యెట్లు? చిత్రములు రూపమును దెలుపును గాని నడకను దెలుపవు. కావున పండితులు పాతపద్ధతిని ఓడను మరల నిర్మించి, నీట నడిపి పరీక్షింతురు.

అజంతా గుహలోని అయిదవ శతాబ్దపు చిత్రము ననుసరించి కట్టిన ‘కౌండిన్య’ 2025 మే 21వ తేదీన కార్వారులో భారత నౌకాదళమున జేరినది. దాని పలకలను మేకులతో గాక కొబ్బరిపీచు త్రాళ్లతో కుట్టిరి. కుట్టుపని నెఱిగిన కేరళ వడ్రంగు లుండుటచేతనే యిది సాధ్యమైనది. మన తూర్పుతీరపు మసూలా పడవలును అట్లే కుట్టబడెడివి. కెరటము తాకినపుడు వాని పలకలు కొంత వంగి, పగులక నిలిచెడివి.

చిత్రము మిగిలినను చేతిపని నశించినచో ఓడ మరల పుట్టదు. విద్యార్థులారా, మన తీరమందలి వృద్ధుల నడిగి, వారి పడవపనిని నేడే వ్రాసి యుంచుకొందము.