క్లాప్టన్ చేతి కొలత

1995లో అమెరికాలోని మార్టిన్ కంపెనీ గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ పేరుతో సరిగ్గా 461 గిటార్లు చేసి ఆపేసింది. ఆ అంకె ఎందుకో ఆయన అభిమానులకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఫ్లోరిడాలో ఆయన కొన్నాళ్లు ఉన్న ఇంటి నంబరు అది. 1974లో వచ్చిన తన ఆల్బమ్‌కు ఆయన ఆ చిరునామానే పేరుగా పెట్టారు. ప్రతి గిటారు ఫింగర్‌బోర్డు చివరా ముత్యపుచిప్పతో పొదిగిన ఆయన సంతకం ఉంది. లోపల అతికించిన కాగితం మీద కూడా ఉంది.

గిటారు ఒళ్లో పెట్టుకుని వాయించేవాడికి ఈ సంతకాలతో పని లేదు. బొటనవేలికి తగిలే మెడ ఆకారం, తీగకీ తీగకీ మధ్య ఎడం, ఛాతీకి ఆనుకునే పెట్టె లోతు, ఇవీ అతనికి కావలసినవి. పేరున్న కళాకారుడి పేరు మీద వచ్చే 'సిగ్నేచర్ మోడల్' గిటారులో అసలు డిజైన్ పని అంతా ఇక్కడే జరుగుతుంది. వాయించే మనిషి 'మెడ చేతిలో ఇమడటం లేదు', 'కింది స్వరాలు మరీ హోరుగా ఉన్నాయి' అంటాడు. దాన్ని మిల్లీమీటర్లలోకి, చెక్క మందంలోకి మార్చడం తయారీదారు పని. ఆ మార్పిడి ఎలా జరుగుతుందో చూడటానికి క్లాప్టన్ గిటారు కన్నా మంచి ఉదాహరణ దొరకదు.

కరెంటు లేని కచేరీ

క్లాప్టన్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది ఎలక్ట్రిక్ గిటారే. 1960ల్లో క్రీమ్ బృందంలో భారీ యాంప్లిఫయర్ల ముందు నిలబడి వాయించారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఫెండర్ స్ట్రాటోకాస్టర్ వదల్లేదు. అలాంటి మనిషి 1992 జనవరి 16న ఇంగ్లండ్‌లోని బ్రే స్టూడియోలో, ఎంటీవీ 'అన్‌ప్లగ్డ్' కార్యక్రమం కోసం, కుర్చీలో కూర్చుని అకూస్టిక్ గిటార్లు వాయించారు. ఆ రికార్డింగు అదే ఏడాది ఆల్బమ్‌గా వచ్చింది. మరుసటి ఏడాది గ్రామీ వేడుకలో క్లాప్టన్‌కు ఆరు అవార్డులు దక్కాయి.

ఆ కచేరీలో ఎక్కువగా వినిపించింది 1939లో మార్టిన్ చేసిన 000-42. ఇందులో మూడు సున్నాలు పెట్టె సైజును చెబుతాయి, 42 అలంకరణ స్థాయిని. అప్పటికి దుకాణాల్లో రాజ్యమేలుతున్నది దానికన్నా పెద్దదైన డ్రెడ్‌నాట్. 1906లో దిగిన బ్రిటిష్ యుద్ధనౌక పేరు పెట్టుకున్న ఆ గిటారు మోత కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. తెర మీద ఓ పేరుమోసిన రాక్ కళాకారుడు సన్ననడుము పాత గిటారుతో బ్లూస్ పలికించేసరికి, అలాంటిది మాకూ కావాలన్న వాళ్లు బయల్దేరారు. 1939 నాటి అసలు గిటార్లు అందరికీ ఎక్కడ దొరుకుతాయి? కొత్తది చేయాల్సిందే.

పేరు మాత్రమేనా, మార్పు కూడానా?

కళాకారుడి పేరుతో గిటారు అమ్మడం క్లాప్టన్‌తో మొదలు కాలేదు. 1920ల చివర్లోనే గిబ్సన్ కంపెనీ గాయకుడు నిక్ లూకాస్ పేరుతో ఒక మోడల్ తెచ్చింది. పెట్టె మామూలు కన్నా లోతుగా ఉండాలని ఆయన కోరారు. 1933లో కౌబాయ్ పాటల జీన్ ఆట్రీ మార్టిన్‌కు ఆర్డరిచ్చి, ఒళ్లంతా ముత్యపుచిప్ప పొదిగిన డి-45 చేయించుకున్నారు. ఫింగర్‌బోర్డు నిండా ఆయన పేరే. ఆ తరహాలో అదే మొదటిది. 1962లో ఎవర్లీ సోదరుల కోసం గిబ్సన్ నల్లటి గిటారు చేసి, రంధ్రానికి రెండు పక్కలా పెద్ద పిక్‌గార్డులు తొడిగింది.

వీటన్నిటి కన్నా ఎక్కువ ప్రభావం చూపిన కోరిక మాత్రం పెర్రీ బెక్టెల్‌ది. అట్లాంటాకు చెందిన ఈ బాంజో వాద్యకారుడు 1929లో మార్టిన్‌ను పొడవాటి మెడ అడిగారు. అంతకుముందు గిటారు మెడ పెట్టెను కలిసేచోటికి 12 ఫ్రెట్లే (స్వరాల కోసం మెడకు అడ్డంగా పొదిగే కమ్మీలు) ఉండేవి. పై స్వరాలకు వెళ్లాలంటే చెయ్యి పెట్టెకు కొట్టుకునేది. కంపెనీవాళ్లు పెట్టె భుజాలను కుదించి 14 ఫ్రెట్లు బయటపడేలా చేశారు. ఆ మోడల్‌కు బెక్టెల్ పేరు పెట్టలేదు, ఓఎం అన్నారు. 1934కల్లా 000 సైజుకూ ఆ కొలతే వచ్చింది. నేడు మన ఊళ్లలో దొరికే అకూస్టిక్ గిటార్లలోనూ ఎక్కువ వాటికి 14 ఫ్రెట్లే. క్లాప్టన్ చేతిలోని 1939 గిటారు కూడా ఆ వంశమే.

మెడ దగ్గర లెక్కలు

మామూలు మార్టిన్ గిటారుకు ఆ రోజుల్లో నట్ దగ్గర, అంటే మెడ తలవైపు తీగలు ఆనే చోట, మెడ వెడల్పు 42.9 మిల్లీమీటర్లు. క్లాప్టన్ మోడల్‌కు 44.5 పెట్టారు. తేడా ఒక మిల్లీమీటరున్నర పైన, అంతే. ఆరు తీగల మధ్య దాన్ని పంచితే ఒక్కో సందుకు మిల్లీమీటరులో మూడోవంతు వస్తుంది. పిక్‌తో తీగలన్నిటినీ ఒక్క ఊపులో మీటేవాడికి ఇది తెలియకపోవచ్చు. కుడిచేత్తో ఒక్కో తీగనూ విడివిడిగా మీటుతూ, ఎడమచేతి వేలు పక్క తీగకు తగలకుండా ఒత్తాలనుకునే బ్లూస్ వాద్యకారుడికి ఆ కాస్త చోటే అవసరం.

మెడ వెనక భాగం గుండ్రంగా కాకుండా ఇంగ్లిష్ 'వి' అక్షరంలా మధ్యలో కొంచెం గట్టు తేలి ఉంటుంది. బ్లూస్ వాయించే చాలామంది బొటనవేలిని మెడ వెనక నిలబెట్టరు, పైనుంచి వంచి ఆరో తీగను కూడా దానితోనే నొక్కుతారు. అప్పుడు ఆ గట్టు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య లోతులో కూర్చుంటుంది. అదే శాస్త్రీయ పద్ధతిలో బొటనవేలు వెనక ఆనించేవాడికైతే ఆ గట్టు కాసేపటికే నొప్పి పుట్టిస్తుంది. ఒక చేతికి సుఖమైంది మరో చేతికి కష్టం.

ఇక తీగ పొడవు. డ్రెడ్‌నాట్‌లో నట్ నుంచి పెట్టె మీద తీగలు ఆనే బ్రిడ్జి దాకా మోగే తీగ నిడివి సుమారు 645 మిల్లీమీటర్లు. క్లాప్టన్ మోడల్‌లో 632. ఒకే తీగను ఒకే శ్రుతికి బిగించినప్పుడు బిగువు ఆ పొడవు వర్గాన్ని బట్టి మారుతుంది. పొడవు 2 శాతం తగ్గితే బిగువు దాదాపు 4 శాతం తగ్గుతుందన్నమాట. వీణ మీద తీగను పక్కకు లాగి గమకం పలికించినట్టే, బ్లూస్‌లోనూ ఫ్రెట్ మీద తీగను పక్కకు నెట్టి స్వరాన్ని పైకి సాగదీస్తారు. ఎలక్ట్రిక్ గిటారు సన్న తీగలకు అలవాటుపడ్డ వేళ్లకు అకూస్టిక్ గిటారు లావు తీగలు మొండికేస్తాయి. ఆ 4 శాతం సడలింపు అక్కడ ఉపయోగపడుతుంది. ఇది ఉచితంగా రాదు. బిగువు తగ్గితే తీగ పైపలకను నెట్టే బలమూ తగ్గుతుంది, మోత కొంత తగ్గుతుంది.

పెట్టె ఎంత ఉండాలి?

000 పెట్టె వెడల్పు కింది భాగంలో సుమారు 38 సెంటీమీటర్లు, డ్రెడ్‌నాట్‌ది 40కి కాస్త తక్కువ. అంత తేడా ఏం లేదనిపిస్తుంది. లోతులో మాత్రం తేడా బాగా తెలుస్తుంది. 000 సుమారు పదిన్నర సెంటీమీటర్లు, డ్రెడ్‌నాట్ పన్నెండు పైనే. పెట్టెలోని గాలికి, గుండ్రటి రంధ్రానికి కలిపి ఒక సొంత కంపనం ఉంటుంది. మామూలుగా అది సెకనుకు 100 సార్ల అటూఇటూ. అన్నిటికన్నా లావు తీగ శ్రుతి 82. పెట్టె పెద్దదైతే గాలి కంపనం ఇంకా కిందికి దిగి, లావు తీగల స్వరాలను ఉబ్బిస్తుంది. గాయకుడి వెనక తాళం కొట్టడానికి అది బాగుంటుంది. ఒక్కో స్వరం విడిగా వినపడాలన్నప్పుడు ఆ హోరు అడ్డం.

మైకు ముందు ఈ సమస్య రెట్టింపవుతుంది. స్పీకర్లోంచి వచ్చిన శబ్దం మళ్లీ గిటారు పెట్టెను కదిపితే, ఆ కదలిక మైకులోకి వెళ్లి, చివరికి ఊళలా తయారవుతుంది. పెద్ద పెట్టెలు దీనికి తొందరగా లొంగుతాయి. నడుము సన్నగా ఉన్న చిన్న గిటారును కూర్చుని వాయించడం తేలిక, మైకులో పట్టుకోవడమూ తేలిక.

పైపలక కింద పోరు

మామూలు స్టీలు తీగలు ఆరూ శ్రుతిలో ఉన్నప్పుడు మొత్తం మీద సుమారు 70 కిలోల బలంతో లాగుతాయి. ఆ లాగుడును ఆపాల్సింది సుమారు మూడు మిల్లీమీటర్ల మందమున్న స్ప్రూస్ పలక. అది ఒంటరిగా తట్టుకోలేదు కాబట్టి లోపల 'ఎక్స్' ఆకారంలో సన్నటి కర్ర దబ్బలు అతికిస్తారు. మార్టిన్ వాళ్లు 19వ శతాబ్దం మధ్యలో, పేగు తీగల రోజుల్లోనే వాడిన ఈ అమరిక తర్వాత స్టీలు తీగలకూ సరిపోయింది.

గిటారు డిజైన్‌లో అసలైన బేరం ఇక్కడే. దబ్బలు బలంగా ఉంటే పలక కదలదు, గొంతు మూసుకుపోతుంది. మరీ సన్నగా ఉంటే బాగా మోగుతుంది కానీ కొన్నాళ్లకు బ్రిడ్జి వెనక పలక ఉబ్బిపోతుంది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు మార్టిన్ దబ్బలను లోతుగా చెక్కి బరువు తగ్గించేది. జనం లావు తీగలు బిగించి పలకలు పాడుచేసుకోవడంతో 1944 చివర్లో ఆ చెక్కుడు ఆపేసింది. పాత గిటార్ల గొంతు కోసం వెంపర్లాడేవాళ్లు పెరిగాక 1976లో హెచ్‌డి-28తో మళ్లీ మొదలుపెట్టింది. క్లాప్టన్ మోడల్‌లోనూ చెక్కిన దబ్బలే ఉన్నాయి.

మెడలో మాత్రం పాతదాన్ని వదిలేశారు. 1939 గిటారు మెడలో ఉన్నది కదలని ఇనుప కమ్మీ. మెడ వంగితే దాన్ని సరిచేయడం పెద్ద పని. 1985 నుంచి మార్టిన్ తిప్పి సర్దుకునే రాడ్ పెడుతోంది, క్లాప్టన్ మోడల్‌కూ అదే పెట్టింది. ఊరూరా తిరిగి వాయించేవాడు పాత పద్ధతి మీద ప్రేమతో పనిచేయని మెడను భరించలేడు.

దక్షిణ భారతం నుంచి నజరెత్‌కు

మార్టిన్ ఫ్యాక్టరీ ఉన్నది పెన్సిల్వేనియా రాష్ట్రంలోని నజరెత్ పట్టణంలో. క్లాప్టన్ మోడల్ వెనకపలక, పక్కలు మాత్రం మన దక్షిణాదివి. మనం జిట్రేగి అనే చెట్టు అది. పడమటి కనుమల్లోనే కాదు, తూర్పు కనుమల అడవుల్లోనూ కనిపిస్తుంది. కాఫీ, తేయాకు తోటల్లో నీడకోసం పెంచిన చెట్ల నుంచీ గిటార్లకు కలప వెళ్తుంది.

1939 గిటారుకు వాడింది బ్రెజిల్ రోజ్‌వుడ్. దాని సరఫరా కష్టమవడంతో 1969లో మార్టిన్ భారతీయ రోజ్‌వుడ్‌కు మారింది. 1992లో అంతర్జాతీయ ఒప్పందం కింద బ్రెజిల్ కలప వ్యాపారం దాదాపు ఆగిపోయింది. 2017 నుంచి ఆ జాతి చెట్లన్నీ, మన జిట్రేగితో సహా, అనుమతి పత్రాల కిందికి వచ్చాయి. తయారైన వాద్యాలకు 2019 నవంబరులో మినహాయింపు దొరికింది. ఆ రెండున్నరేళ్ల పైచిలుకు కాలం గిటార్లు సరిహద్దులు దాటాలంటే కాగితాల తంటా ఇంతా అంతా కాదు.

దీన్నిబట్టి సిగ్నేచర్ గిటారు పాతదాని నకలు కాదని తేలుతుంది. చెక్క మారింది, మెడలో కమ్మీ మారింది. దశాబ్దాలుగా ఆరి తేలికైన పాత పలక గుణాన్ని కొత్త పలకకు ఎవరూ ఒక్కరోజులో తేలేరు. తేగలిగింది చేతి కొలతల్ని. అందుకే ఆ కొలతల్లో రాజీ పడలేదు.

28 నిలిచింది

461 గిటార్ల ఖరీదు మామూలు వాద్యకారుడికి అందేది కాదు. మార్టిన్ 1996లో అవే కొలతలతో 000-28ఇసి తెచ్చింది. ముత్యపుచిప్ప పొదుగు తగ్గించి, అంచుల్లో చెక్క ముక్కలతో హెరింగ్‌బోన్ అల్లిక పెట్టింది. పైపలక సిట్కా స్ప్రూస్. మెడ వెడల్పు, 'వి' గట్టు, తీగ పొడవు మారలేదు. సంఖ్య పరిమితి పెట్టలేదు. అది దశాబ్దాల పాటు కేటలాగ్‌లో నిలబడింది.

1939 నాటి అసలు గిటారును క్లాప్టన్ 2004లో క్రిస్టీస్ వేలంలో పెట్టారు. అది 7,91,500 డాలర్లకు పోయింది. ఆ వేలం డబ్బు ఆంటిగ్వాలో ఆయన నెలకొల్పిన వ్యసన విముక్తి కేంద్రానికి వెళ్లింది. ఆ ధరలో కచేరీ చరిత్ర ఉంది, అభిమానం ఉంది. 28ఇసి కొనేవాడు చెల్లించేది ముఖ్యంగా ఆ మెడకు, ఆ పెట్టెకు.

కాబట్టి ఎవరి పేరున్న గిటారైనా కొనేముందు పేరు కన్నా మీ చెయ్యి ముఖ్యం. మెడ వెడల్పు 43 దగ్గరుందో 44.5 ఉందో అడగండి. బొటనవేలు మీరు ఎక్కడ పెడతారో చూసుకుని మెడ వెనక గట్టు నచ్చుతుందో లేదో తేల్చుకోండి. మూడో తీగను ఏడో ఫ్రెట్ మీద పక్కకు నెట్టి ఎంత బలం పెట్టాల్సి వస్తుందో చూడండి. కూర్చుని పావుగంట వాయించండి. చేతికి సరిపోకపోతే సంతకం ఎవరిదైనా ఆ గిటారును దుకాణంలోనే వదిలేసి రావడం మంచిది. క్లాప్టన్ కూడా తన చేతికి తగ్గ కొలత అడిగే ఆ గిటారు చేయించుకున్నారు.