నల్లమల కాలిబాట: శ్రీశైల యాత్రికునికి అడవి నేర్పే ధర్మం

శ్రీశైల యాత్ర అనగానే పంజాగుట్టలో నివసించే మా వంటివారికి ముందుగా స్ఫురించేది బస్సు ప్రయాణమే. తెల్లవారుజామున బయలుదేరితే కల్వకుర్తి, మన్ననూరు, దోమలపెంటల మీదుగా కృష్ణ దాటి మధ్యాహ్నానికల్లా స్వామి సన్నిధికి చేరుకుంటాము. రహదారి లేని కాలంలో మన పూర్వులు ఈ క్షేత్రానికి ఎలా వచ్చేవారన్న ఆలోచన చాలాకాలం నాకు కలుగలేదు. ఒక ఉగాదికి ముందు ఆత్మకూరు వైపు నుండి నల్లమల అడవిలో కాలినడకన వెళ్లే భాగ్యం లభించిన తరువాతనే ఆ దారి గొప్పతనం, దాని పట్ల మన బాధ్యత తెలిసివచ్చాయి.

తరతరాల అడుగుజాడలు

శ్రీశైలానికి నాలుగు ద్వార క్షేత్రాలు ప్రసిద్ధం. తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమర అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం. హైదరాబాదు నుండి వెళ్లేవారికి అచ్చంపేట సమీపంలోని ఉమామహేశ్వరమే ముంగిలి. నేటికీ వేలాది భక్తులు నడిచే దారి మాత్రం ఆత్మకూరు వైపుది. వెంకటాపురం వద్ద అడవిలో ప్రవేశించి, వీరభద్రస్వామి కొలువైన నాగలూటి, పెద్దచెరువు, మఠంబావి, భీమునికొలను దాటి కైలాసద్వారం చేరుకోవాలి. మొత్తం దాదాపు 40 కిలోమీటర్ల నడక.

పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో పర్వత ప్రకరణం పేరిట ఒక భాగమంతా ఈ శ్రీగిరి యాత్రా మహిమకే కేటాయించాడు. 14వ శతాబ్దంలో రెడ్డి రాజ్య స్థాపకుడు ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి, అహోబిలానికి మెట్లు కట్టించాడు. విజయనగర ప్రభువు రెండవ హరిహరరాయల రాణి విఠలాంబ పాతాళగంగకు మెట్లు నిర్మింపజేసింది. 1830లో చెన్నపట్టణం నుండి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామి ఆత్మకూరు మీదుగా శ్రీశైలం దర్శించి, అటుపై హైదరాబాదు చేరి, దారిలోని మజిలీలను తన కాశీయాత్ర చరిత్రలో నమోదు చేశాడు.

దారిని కాపాడుకోవడం పుణ్యకార్యమన్న భావన మన దేశానికే పరిమితం కాదు. స్పెయిన్‌లోని సాంటియాగోకు క్రైస్తవ యాత్రికులు నడిచే మార్గం 1993లోను, జపాన్‌లోని కీ పర్వతాలలో కుమానో దేవాలయాలకు వెళ్లే బాటలు 2004లోను యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. ఆ దేశాలు గుడులతో పాటు గుడికి చేర్చే దారిని కూడా వారసత్వంగా గుర్తించడం గమనించదగినది.

అల్లుడైన మల్లన్న

నాతో నడిచినవారిలో అధికులు కన్నడ సోదరులు. వారు భ్రమరాంబాదేవిని తమ ఇంటి ఆడపడుచుగా, మల్లికార్జునుని అల్లునిగా భావిస్తారు. ఉగాదికి పుట్టింటివారు సారె తెచ్చినట్లు చీర, పసుపు, కుంకుమలతో వస్తారు. కొందరు మరకాళ్లపై నడుస్తూ రావడం చూచి ఆశ్చర్యపోయాను. ఇక నల్లమలలోని పెంటలలో నివసించే చెంచులకు స్వామి చెంచు మల్లన్న. తమ ఆడబిడ్డను వివాహమాడిన అల్లుడని వారి నమ్మకం. భాషలు వేరైనా, బంధుత్వం ఒకటే. తేనె, దుంపలు, అటవీ ఫలాలతో జీవించే చెంచులకు అడవి అంటే అల్లునిగారి ఇల్లే కదా!

ఫాల్గుణ మాసాంతంలో ఆ ఇంటి శోభ వర్ణనాతీతం. ఆకురాల్చిన టేకు, మద్ది చెట్ల నడుమ మోదుగలు ఎర్రగా విరబూసి ఉంటాయి. ఇప్పపూలు రాత్రివేళ నేలరాలుతాయి. వాటికోసం ఎలుగుబంట్లు వస్తాయి కనుక చీకటిపడితే నడక ఆపాలని తోటివారు హెచ్చరించారు. ఈ అడవి 1983 నుండి పులుల సంరక్షణ పథకంలో ఉన్నది. అందువల్లనే శివరాత్రి, ఉగాది రోజులలో తప్ప ఈ బాటలో యాత్రికులకు అనుమతి ఉండదు.

నా దానం, నా తప్పు

భీమునికొలను ఈ యాత్రలో కఠినమైన ఘట్టం. నిలువుగా లోయలోకి దిగి, తిరిగి అంతటి కొండ ఎక్కాలి. అక్కడ రాళ్ల సందులలో గుట్టలుగా పడివున్న ఖాళీ నీళ్ల ప్యాకెట్లను చూశాను. అంతకు ముందటి సంవత్సరం మా మిత్రబృందం ఇదే బాటలో పాదయాత్రికుల కొరకు పంపినవి అటువంటి ప్యాకెట్లే. పుణ్యమనుకొని పంపినది అడవికి భారమైనదన్న సంగతి ఆ క్షణాన బోధపడింది. మాకు తోడుగా వచ్చిన చెంచు పెద్దాయన ఒక్కొక్కటే ఏరి సంచిలో వేస్తున్నాడు. "తిండి వాసన తగిలితే జింక ఈ కాయితాన్ని కూడా తింటుంది సామీ" అని మాత్రం అన్నాడు. నేనూ వంగి ఏరడం ప్రారంభించాను. నా పాదాల నొప్పి కంటె ఆ మాట ఎక్కువగా బాధించింది.

వేమారెడ్డి కట్టించిన మెట్లు రాతివి. అవి అడవికి కీడు చేయలేదు. మన దానం కూడా ఆ రీతిగానే ఉండాలి. నీరు ఇవ్వదలచినవారు తొట్టెలతో, గ్లాసులతో చలివేంద్రాలు నడిపే సంస్థలకు తోడ్పడవచ్చును. అన్నదానానికి మోదుగాకు విస్తళ్లను మించినవి లేవు. యాత్ర ముగిసిన పిమ్మట దారిని శుభ్రపరచే సేవకులకు భోజనం, కూలి సమకూర్చడం కూడా అన్నదానంతో సమానమైన సేవయే.

నడిచేవారు స్టీలు సీసా వెంట తీసుకొనిపోవాలి. పగటివేళ గుంపుగా నడవాలి. ఎండుటాకులు పరచుకొన్న ఆ రోజులలో ఒక్క బీడీ నిప్పు చాలు, కొండంతా అంటుకొనడానికి. కావున నిప్పు విషయంలో మిక్కిలి జాగ్రత్త అవసరం.

మా బృందం ఇప్పుడు ప్యాకెట్లు పంపడం మానివేసినది. ఆ సొమ్ము దారి శుభ్రతకు వినియోగిస్తున్నాము. కైలాసద్వారం వద్ద నిలిచి వెనుదిరిగి చూస్తే కనబడే ఆ పచ్చని కొండలన్నీ స్వామి ప్రాకారాలే. గర్భాలయంలో పాటించే శుచిని ప్రాకారంలో కూడా పాటించే సద్బుద్ధిని శ్రీ భ్రమరాంబా సమేత మల్లికార్జునస్వామి మనందరికీ ప్రసాదించుగాక!