డాలరు చారాణాపై ఎవరికి చోటు? అమెరికా రాష్ట్రాల నాణేల కథ

అమెరికాలో చిల్లర అనగానే ముందు గుర్తొచ్చేది క్వార్టర్. డాలరులో నాలుగో వంతు, అంటే 25 సెంట్లు. హైదరాబాద్ భాషలో చెప్పాలంటే చారాణా. మన చారాణా 2011లోనే చెలామణి నుంచి వెళ్లిపోయింది గానీ వాళ్లది ఇంకా నడుస్తూనే ఉంది. చదువుకో, ఉద్యోగానికో అక్కడికి వెళ్లిన మన పిల్లలు వాషింగ్ మెషిన్‌లో వేయడానికి డబ్బాలో దాచుకునే నాణెం ఇదే. దాదాపు అన్నిటికీ ఒకవైపు జార్జ్ వాషింగ్టన్ బొమ్మే ఉంటుంది. వెనక్కి తిప్పితే మాత్రం ఒకదానిపై ఆవు, ఒకదానిపై గుర్రపు రౌతు, ఇంకోదానిపై విమానం. ఇలా ఎందుకు?

నాణేలపై రాష్ట్రాల పేర్లు వేయడం అక్కడ పాత అలవాటే. 1918లో ఇల్లినాయ్ రాష్ట్రానికి వందేళ్లు నిండితే అర డాలరు నాణెం వేశారు. తర్వాత మెయిన్, అలబామా, మిస్సోరి వరుస కట్టాయి. ఇవి బజారులో తిరిగే నాణేలు కావు. అసలు విలువ కంటే ఎక్కువ ధరకు అమ్మి వేడుకల ఖర్చుకు వాడుకునేవారు. అలబామా అయితే 1921 నాణెంపై అప్పటి గవర్నర్ థామస్ కిల్బీ బొమ్మే వేయించుకుంది. బతికున్న మనిషి బొమ్మ అమెరికా నాణెంపైకి ఎక్కడం అదే మొదలు. 1930లలో టెక్సాస్, ఆర్కన్సా పేరుతో ఒకే నాణేన్ని ఏటా సంవత్సరం మార్చి మళ్లీ మళ్లీ అమ్మారు. సేకరించేవాళ్లకు విసుగొచ్చింది. చివరికి 1939లో అమెరికా కాంగ్రెస్ ఆ పాత అనుమతులన్నిటికీ తెర దించింది.

జనం చేతుల్లో తిరిగే చిల్లరపైనే రాష్ట్రాలకు చోటిద్దామన్న ఆలోచన చాలా ఆలస్యంగా వచ్చింది. 1992లో కెనడా తన ప్రావిన్సుల పేరిట ఇలాంటి నాణేలు విడుదల చేసింది. డెలావేర్ నుంచి కాంగ్రెస్‌కు ఎన్నికైన మైక్ కాజిల్ అమెరికాలోనూ ఇది కావాలని పట్టుబట్టారు. 1997 డిసెంబర్‌లో అధ్యక్షుడు క్లింటన్ చట్టంపై సంతకం పెట్టారు. 1999 నుంచి 2008 దాకా ఏడాదికి ఐదు రాష్ట్రాలు, మొత్తం 50. జనాభానో పలుకుబడినో చూడలేదు. రాజ్యాంగాన్ని ఆమోదించి దేశంలో చేరిన క్రమమే వరుస. అందుకే చిన్న రాష్ట్రమైన డెలావేర్ మొదటిది, హవాయి చివరిది. ఒక్కో నాణేన్ని సుమారు పది వారాలు మాత్రమే ముద్రించి ఆపేశారు. మళ్లీ వేయరు.

ప్రభుత్వానికి ఇందులో లాభం కూడా ఉంది. నాణెం తయారీకి అయ్యే ఖర్చు 25 సెంట్ల కంటే చాలా తక్కువ. కేంద్ర బ్యాంకుకు పూర్తి విలువకే ఇస్తారు. జనం దాన్ని ఖర్చు పెట్టకుండా ఆల్బమ్‌లో దాచుకుంటే ఆ తేడా ఖజానాకు మిగిలిపోయినట్టే. పదేళ్లలో దాదాపు 3,480 కోట్ల నాణేలు కొట్టారంటే జనం ఎంతగా దాచుకున్నారో ఊహించుకోవచ్చు.

బొమ్మ ఏమిటన్నది రాష్ట్రాలు ప్రతిపాదించాలి. కొన్నిచోట్ల జనంతో ఓటింగ్ పెట్టారు, కొన్నిచోట్ల గవర్నరే తేల్చేశారు. చివరి మాట మాత్రం కేంద్ర ఆర్థిక మంత్రిది. చట్టం కొన్ని హద్దులు గీసింది. బతికున్నవాళ్ల బొమ్మ కుదరదు. ఎవరిదైనా సరే తల, భుజాల వరకే ఉండే చిత్రం కూడా కుదరదు. అందుకే 2003లో అలబామా హెలెన్ కెల్లర్‌ను ఎంచుకున్నప్పుడు కుర్చీలో కూర్చుని చేత్తో పుస్తకం చదువుతున్నట్టు చూపించారు. ఆమె పేరు బ్రెయిలీ లిపిలోనూ ఉంది. చెలామణిలో ఉండే అమెరికా నాణెంపై బ్రెయిలీ కనిపించడం అదే తొలిసారి. ఎనభై ఏళ్ల కింద గవర్నర్ బొమ్మ వేసుకున్న రాష్ట్రమే ఇది.

తగాదాలూ లేకపోలేదు. రైట్ సోదరుల విమానం మాదంటే మాదని నార్త్ కరోలినా, ఒహాయో రెండూ తమ నాణేలపై వేసుకున్నాయి. విమానం ఎగిరింది మొదటిదాంట్లో, దాన్ని తయారుచేసినవాళ్లు రెండోదానివాళ్లు. మిస్సోరిలో గెలిచిన చిత్రాన్ని టంకశాల మార్చేసిందని గీసిన చిత్రకారుడు బహిరంగంగానే నిరసన తెలిపాడు. న్యూ హాంప్‌షైర్‌ది ఇంకో కథ. కొండ అంచున ముసలాయన ముఖంలా కనిపించే సహజ శిల ఆ రాష్ట్రానికి గుర్తు. 2000లో దాన్నే నాణెంపై వేశారు. 2003 మే నెలలో ఆ శిల కూలిపోయింది. ఇప్పుడు ఆ ముఖాన్ని చూడాలంటే నాణెమో ఫొటోనో వెతుక్కోవాల్సిందే.

హవాయి నాణెంపై కమేహమేహా రాజు ఉన్నాడు. ఆ ద్వీపాలను ఒక్కటి చేసిన రాజు ఆయన. ఆయన స్థాపించిన రాజ్యాన్ని 1893లో కూలదోశారు, 1898లో అమెరికా కలుపుకుంది. అదే అమెరికా నాణెంపై ఆ రాజు నిలబడటం, పక్కన హవాయి భాషలోనే రాష్ట్ర నినాదం ఉండటం మామూలు విషయం కాదు.

అసలు పేచీ రాజధానిది. వాషింగ్టన్ డీసీ రాష్ట్రం కాదు కాబట్టి యాభైలో దానికి చోటు లేదు. అక్కడివాళ్లు కేంద్రానికి పన్నులు కడతారు. కానీ సెనేట్‌లో వాళ్లకు ఒక్క సభ్యుడూ లేడు. దిగువ సభలో ఉన్న ప్రతినిధికి చట్టాలపై తుది ఓటు లేదు. జనాభాలో డీసీ కంటే చిన్నదైన వయోమింగ్‌కు ఇద్దరు సెనేటర్లు ఉన్నారు. దాని నాణెంపై ‘సమానత్వ రాష్ట్రం’ అని కూడా రాసి ఉంది. అక్కడ ఆడవాళ్లకు 1869లోనే ఓటు హక్కు వచ్చింది కాబట్టి ఆ బిరుదు న్యాయమే. అయినా డీసీవాళ్లకు అది చదివితే ఎలా ఉంటుందో!

2007 చివర్లో మరో చట్టంతో డీసీకి, ప్యూర్టోరికో, గువామ్ వంటి ఐదు ప్రాంతాలకూ 2009లో నాణేలు దక్కాయి. డీసీ వెంటనే తన గోడు నాణెంపైకి ఎక్కించాలని చూసింది. ‘ప్రాతినిధ్యం లేని పన్ను’ అన్న మాట వేయమంది. వివాదాస్పద విషయాల్లో ఏ పక్షమూ తీసుకోబోమంటూ టంకశాల కాదంది. చివరికి డీసీలో పుట్టిన జాజ్ సంగీతకారుడు డ్యూక్ ఎల్లింగ్టన్ పియానో ముందు కనిపించే నాణెం వచ్చింది. దానిపై ‘అందరికీ న్యాయం’ అనే నగర నినాదం ఉంది. చెలామణి నాణెంపై ఒక నల్లజాతి వ్యక్తికి ఇలా ప్రధాన స్థానం దక్కడం అమెరికాలో అదే మొదటిసారి. 2017లో మరో నాణేల వరుసలో డీసీ వంతు వచ్చినప్పుడు, బానిసత్వం నుంచి తప్పించుకుని దానిపైనే పోరాడిన ఫ్రెడరిక్ డగ్లస్‌కు చోటు దొరికింది.

ఓటు మాత్రం ఇంకా రాలేదు. టంకశాల వద్దన్న ఆ మాట డీసీ కార్ల నంబర్ ప్లేట్లపై తిరుగుతూనే ఉంది.