కొత్త కోర్స్‌లో గోల్ఫ్: లేజర్ గ్యాడ్జెట్ కొనాలా, చేతిలో ఉన్న ఫోన్ చాలా?

ఆఫీసు పని మీదో, చుట్టాల పెళ్లికో సికింద్రాబాద్ వచ్చారు. రేపు పొద్దున్న ఖాళీ. గోల్ఫ్ ఆడదామా అనిపించింది. మీకా కోర్స్ కొత్త, ఏ హోల్ ఎంత దూరమో తెలీదు. ఇలాంటప్పుడే "రేంజ్‌ఫైండర్ ఒకటి కొనేద్దాం" అని చెయ్యి షాపింగ్ యాప్ మీదికి వెళ్తుంది. కొనే ముందు మీ ఫోన్‌కి ఏం తెలుసో, ఏం తెలీదో చూద్దాం.

అంతకంటే ముందు, అసలు ఎక్కడ ఆడాలి? గూగుల్ మ్యాప్స్‌లో సికింద్రాబాద్ కంటోన్మెంట్ వైపు పచ్చగా కనిపించే గోల్ఫ్ కోర్స్ ఆర్మీ వాళ్లది. క్యాబ్ బుక్ చేసుకుని నేరుగా వెళ్లిపోయే చోటు కాదు. ఊరికి ఆ చివర గోల్కొండ నయా ఖిలాలో హైదరాబాద్ గోల్ఫ్ క్లబ్ కోర్స్, గచ్చిబౌలిలో బౌల్డర్ హిల్స్ ఉన్నాయి. రెండూ క్లబ్బులే కాబట్టి, బయటివాళ్లకు ఏ రోజు ఇస్తారో, ఫీజెంతో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. మెంబర్‌షిప్ గొడవ లేకుండా ఎవరైనా డబ్బు కట్టి ఆడుకునే పబ్లిక్ కోర్స్ కావాలంటే ఢిల్లీ లాడో సరాయ్‌లోని కుతుబ్ గోల్ఫ్ కోర్స్ ఉంది. డీడీఏ నడుపుతుంది, 2000లో మొదలైంది. అటు ట్రిప్ ఉంటే మాత్రం వదలొద్దు.

ఇక దూరం లెక్క. గోల్ఫ్‌లో దూరాన్ని ఎక్కువగా యార్డుల్లో చెబుతారు. మన ప్లాట్ల దగ్గర చదరపు గజాలు అంటామే, ఆ గజమే యార్డు. ఒక క్లబ్‌కీ దాని పక్క క్లబ్‌కీ తేడా సుమారు 10 నుంచి 15 యార్డులు. అంటే యాప్ చెప్పే దూరంలో 5 యార్డులు అటూ ఇటూ అయితే పర్లేదు, 15 తేడా వస్తే తప్పు క్లబ్ పట్టినట్టే.

ఓపెన్ ఆకాశం కింద మామూలు ఫోన్ జీపీఎస్ దాదాపు 5 మీటర్ల లోపు కరెక్టుగా చూపిస్తుంది. అంటే ఐదున్నర యార్డులు, సగం క్లబ్ తేడా. ఫెయిర్‌వే మీద అపార్ట్‌మెంట్లు ఉండవు కాబట్టి అమీర్‌పేట సందుల్లో కంటే అక్కడ మీ ఫోన్ చాలా బుద్ధిగా పనిచేస్తుంది. ఎత్తైన గోడల పక్కన, పెద్ద చెట్ల కింద మాత్రం సిగ్నల్ వాటికి తగిలి ఆలస్యంగా వస్తుంది. ఫోన్ ఆ ఆలస్యాన్ని ఎక్కువ దూరం అనుకుని లెక్క తప్పుతుంది. దీనికి మందు డ్యుయల్ ఫ్రీక్వెన్సీ. పాత ఎల్1 సిగ్నల్‌తో పాటు ఎల్5 కూడా అందుకునే ఫోన్లు ఈ నకిలీ ప్రతిధ్వనుల్ని బాగా వడకడతాయి. 2018లో షావోమీ ఎంఐ 8తో మొదలైన ఈ ఫీచర్ ఇప్పుడు చాలా ఫోన్లలో ఉంది. మీ ఫోన్‌లో ఉందో లేదో చూడాలంటే జీపీఎస్‌టెస్ట్ యాప్ వేసుకుని బయట నిలబడండి. లిస్టులో ఎల్5 అని కనిపిస్తే ఉన్నట్టే.

కానీ అసలు తప్పు శాటిలైట్ దగ్గర జరగదండీ. గోల్ఫ్ యాప్‌లన్నీ గ్రీన్‌కి మూడు దూరాలు చూపిస్తాయి: ముందు అంచు, మధ్య, వెనక అంచు. జెండా ఉన్న హోల్‌ని మాత్రం కోర్స్ వాళ్లు తరచూ మారుస్తుంటారు, ఆ సంగతి యాప్‌కి తెలీదు. గ్రీన్ 30 యార్డుల లోతు ఉంటే, జెండా మధ్య నుంచి 10 యార్డులకు పైనే జరిగి ఉండొచ్చు. అంటే ఎల్5 ఉన్న ఖరీదైన ఫోన్ కూడా ఇక్కడ ఏమీ చేయలేదు. లేజర్ రేంజ్‌ఫైండర్ గెలిచేది ఇక్కడే. కాంతి వెళ్లి జెండాకి తగిలి వెనక్కి రావడానికి పట్టే టైమ్‌ని అది కొలుస్తుంది. 150 యార్డుల జెండాకి ఆ టైమ్ మైక్రోసెకను కంటే కాస్త తక్కువ. జెండా కనిపించకపోతే మాత్రం లేజర్ కూడా దండగే, గుట్ట అవతల ఏముందో దానికి తెలీదు. కొత్త కోర్స్‌లో మనకి ఎక్కువ అవసరం పడేది ఆ అవతల సంగతే. అందుకే ఊళ్లు తిరిగేవాళ్లకి మొదట ఫోన్ యాప్, ఆ తర్వాతే లేజర్ అంటాను నేను.

యాప్‌ని టెస్ట్ చేయడానికో చిట్కా ఉంది. చాలా కోర్సుల్లో ఫెయిర్‌వే మీద 150 అని మార్కర్ ఉంటుంది. దాని పక్కన నిలబడి యాప్‌లో చూడండి. స్కోర్‌కార్డ్‌లో చూసి, ఆ 150 గ్రీన్ మధ్యకా, ముందు అంచుకా, యార్డులా, మీటర్లా అన్నది తేల్చుకోండి. మార్కర్‌కీ యాప్‌కీ తేడా బాగా ఎక్కువ వస్తే యాప్‌లో ఉన్నది పాత మ్యాప్ కావచ్చు, లేదా యూనిట్ తప్పు పెట్టుకుని ఉండొచ్చు. 150 మీటర్లు అంటే 164 యార్డులు మరి.

"దక్కన్‌లో బాల్ ఎక్కువ దూరం పోతుంది" అని కొందరంటారు. నిజమే, సికింద్రాబాద్ సముద్ర మట్టానికి 540 మీటర్ల ఎత్తులో ఉంది, గాలి కాస్త పల్చన. కానీ తేడా 2 శాతం దగ్గర్లోనే, అంటే 150 యార్డులకి 3 యార్డులు. దీని కోసం ప్రీమియం సబ్‌స్క్రిప్షన్ కట్టకండి.

ఒక రౌండ్ నాలుగు గంటలకు పైనే పడుతుంది. జీపీఎస్, ఫుల్ బ్రైట్‌నెస్, పైన ఎండ... మే నెలలో ఫోన్ వేడెక్కి స్క్రీన్ దానంతటదే డిమ్ అవుతుంది. పొద్దున్నే మొదలుపెట్టండి, కోర్స్ మ్యాప్ హోటల్ వైఫైలోనే డౌన్‌లోడ్ చేసుకోండి, షాట్‌కి షాట్‌కి మధ్య ఫోన్ జేబులోకి పోవాలి. పోటీల్లో ఆడేవాళ్లు స్లోప్ మోడ్ ఆఫ్ చేయండి. 2019 నుంచి నిబంధనలు దూరం కొలవనిస్తున్నాయి కానీ, ఎత్తుపల్లాలు లెక్కేయనివ్వవు.

డ్రోన్‌తో కోర్స్ వీడియో తీద్దామనుకుంటే డిజిటల్ స్కై మ్యాప్ చూడకుండా బ్యాగులోంచి తీయొద్దు. సికింద్రాబాద్ చుట్టూ సైనిక ప్రాంతాలు, బేగంపేట ఎయిర్‌పోర్ట్ ఉన్నాయి, రెడ్ జోన్‌లో పర్మిషన్ లేకుండా ఎగరేయడం నేరం. ఇక ఢిల్లీకి ఫ్లైట్ ఎక్కేవాళ్లు క్లబ్బుల బ్యాగ్ చెక్-ఇన్‌లో వేస్తూ, సైడ్ జిప్‌లో పవర్ బ్యాంక్ మర్చిపోకండి. అది మీతోపాటు క్యాబిన్‌లోకే రావాలి.