పుస్తకాలకు బూజు పడితే...

అటక మీది ట్రంకు పెట్టె దింపించి మూత తీసేసరికి గుప్పున ముక్కిపోయిన వాసన. లోపల అమ్మ బైండు పుస్తకాలు. వారపత్రికల్లో సీరియల్స్ వారం వారం చింపి దాచి, అయిపోయాక బైండు చేయించుకోవడం మన అమ్మల తరంలో చాలామందికి అలవాటే కదా! మా అమ్మయితే పేజీల అంచుల్లో పెన్సిలుతో తన అభిప్రాయాలు కూడా రాసుకునేది. ఆ పుస్తకాల మీద తెల్లగా, పచ్చగా బూజు!

కంగారులో తడిగుడ్డ తెచ్చి తుడిచేశాను. బూజు పోలేదు సరికదా, కాగితంలోకి ఇంకి మరకై కూర్చుంది. ఆ పేజీ అంచున అమ్మ ఏం రాసిందో ఇక నాకు తెలియదు. ఆ దెబ్బతో, రెండో పుస్తకం ముట్టుకునే ముందు తెలిసినవాళ్లని అడిగి, చదివి, సంగతి తెలుసుకున్నాను.

బూజుకి కావలసింది చెమ్మ. గాలిలో తేమ 65 శాతం దాటి కొన్నాళ్లు నిలిచిందంటే కాగితం, గుడ్డ అట్ట, జిగురు అన్నీ దానికి మేతే. బూజు జిగటగా అలుక్కుపోతోందంటే ఇంకా పెరుగుతోందన్నమాట. అప్పుడు తుడవకూడదు. ఆ పుస్తకాన్ని మిగతావాటికి దూరంగా, గాలాడే నీడపట్టున నిలబెట్టి, పేజీలు విచ్చుకునేలా ఆరనివ్వాలి. రోజంతా ఎండలో పడేస్తే కాగితం పచ్చబడుతుంది, అట్ట వంకర్లు పోతుంది. ఫ్యాను గాలి నేరుగా తగిలితే బూజు ఇల్లంతా ఎగురుతుంది.

పూర్తిగా ఆరి పొడిపొడిగా అయ్యాకే దులపడం. అదీ ఆరుబయటే. కొంగు అడ్డం పెట్టుకుంటే చాలదండీ, ఎన్-95 మాస్కు, చేతులకు తొడుగులు ఉండాలి. ఉబ్బసం ఉన్నవాళ్లు ఈ పని ఇంకొకరికి అప్పగించడమే మంచిది. పిల్లలు బొమ్మలకు రంగులేసే మెత్తటి వెడల్పాటి బ్రష్షుతో, కుట్టు దగ్గర్నుంచి అంచు వైపుకి, ఒకే దిక్కుగా దులపాలి. మరకలు మిగులుతాయి. వాటి కోసం బ్లీచింగు జోలికి వెళ్లారో, కాగితమే పాడవుతుంది. కలరా ఉండలంటారా? అవి పురుగులకి, బూజుకి కాదు.

మళ్లీ సర్దేటప్పుడు ప్లాస్టిక్ కవర్లలో బిగించకండి, చెమ్మ లోపలే ఉండిపోతుంది. నేను ట్రంకు పెట్టెకి స్వస్తి చెప్పి, బీరువాని గోడకి జానెడు దూరం జరిపించి అందులో పెట్టాను.

ఇక మురికి. స్కూలు పిల్లల తెల్ల రబ్బరుతో నెమ్మదిగా రుద్దితే కాగితం మీది మురికి చాలావరకు పోతుంది. కానీ పెన్సిలు రాతా పోతుందే! కథానాయిక ఉద్యోగం మానేసే చోట, అంచున, 'ఎందుకు మానాలిట?' అని ఉంది అమ్మ చేత్తో. పెళ్లవగానే టీచరు ఉద్యోగం మానేసిన మనిషి. ఆ సంగతి మాతో ఎన్నడూ ఎత్తలేదు. ఆ పేజీ మురికి నేను ముట్టుకోలేదు.