మీకు తెలుసా? వైన్ కూలర్‌కూ గాలి ఆడాలి

వైన్‌ను ఎక్కువ కాలం దాచడానికి 12–13 డిగ్రీల సెల్సియస్ చల్లదనం చాలు. మామూలు ఫ్రిజ్‌లో ఉండేది 4 డిగ్రీలే. పైగా అక్కడి పొడిగాలికి నెలల తరబడి ఉంటే కార్క్ బిరడా ఎండి, గాలి దూరి వైన్ పాడవుతుంది.

అందుకే వాడే వైన్ కూలర్లలో కంప్రెసర్‌ది ఒక రకం. రెండోది, ఒకప్పుడు గడియారాలు చేసిన ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్ పెల్టియే 1834లో కనిపెట్టిన సూత్రంతో నడుస్తుంది: రెండు వేర్వేరు లోహాలను జతచేసి కరెంటు పారిస్తే ఒక అతుకు చల్లబడుతుంది, మరోటి వేడెక్కుతుంది. దీనికి అదురు ఉండదు. కానీ ఏసీ లేని గదిలో, రామగుండం ఎండల్లో ఇది చేతులెత్తేస్తుంది.

వంటగది అరలో బిగించాలంటే ముందువైపు జాలీ నుంచి వేడి వదిలే బిల్టిన్ రకమే కొనాలి. వెనక నుంచి వదిలేదాన్ని చెక్క అరలో ఇరికిస్తే కంప్రెసర్ తెరిపి లేకుండా తిరిగి త్వరగా అరిగిపోతుంది.

కూలర్ డబ్బా మీద రాసిన సీసాల సంఖ్య సాధారణంగా 750 మి.లీ. బోర్డో సీసాల లెక్క. లావాటి షాంపేన్ సీసాలైతే అన్ని పట్టవు.