ఆట మధ్యలో ఆరిపోతోందా?
కార్డు మార్చే ముందు కాస్త ఆగండి!

బళ్లారి: పాటలు వింటే బాగానే ఉంటుంది. లెక్కలు, బిల్లులు కొట్టినా ఏ ఇబ్బందీ లేదు. ఆట మొదలెట్టిన పావుగంటకే తెర నల్లబడుతుంది. 'గ్రాఫిక్స్ కార్డు పోయినట్టుంది, కొత్తది వేయాలి' అన్న మాట వినగానే ఇంట్లో పెద్దాయన గుండె గుభేలుమంటుంది. కార్డంటే వేలల్లో వ్యవహారం మరి. బెంగళూరు ఎస్పీ రోడ్డుకో, చెన్నై రిచీ స్ట్రీట్‌కో బస్సెక్కే ముందు ఇంట్లోనే చేసుకోదగ్గ పరీక్షలు కొన్ని ఉన్నాయి.

ఆటలోనే ఎందుకు?
మామూలు పనులకు కంప్యూటర్ తన శక్తిలో కొంతే వాడుతుంది. ఆటలో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు, ర్యామ్, పవర్ సప్లై అన్నీ ఒకేసారి గట్టిగా పనిచేయాలి. ఏది బలహీనంగా ఉన్నా అప్పుడే బయటపడుతుంది. ఎలా ఆగిందో చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది.
* స్విచ్ కట్టేసినట్లు ఆరిపోతే ముందు వేడిని, కరెంటును అనుమానించాలి.
* నీలి తెర వస్తే దానిమీది కోడ్ రాసి పెట్టుకోవాలి. ర్యామ్, డ్రైవర్ల వైపు చూడాలి.
* ఆట ఒక్కటే మూసుకుపోతే ఆట ఫైళ్లు, డ్రైవర్లతో మొదలుపెట్టాలి.
విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో 'కెర్నల్ పవర్ 41' కనిపిస్తే పవర్ సప్లై పోయిందని చాలామంది అనుకుంటారు. యంత్రం సరిగా షట్‌డౌన్ కాకుండా ఆగిందనే దాని అర్థం, అంతే.

ముందు దుమ్ము దులపండి
ఎండాకాలంలో బళ్లారి, రాయచూరుల్లో 40 డిగ్రీలు దాటడం మామూలే. దానికి దుమ్ము తోడైతే ఫ్యాన్లకు ఊపిరాడదు. ప్లగ్గు తీసేసి, పక్క మూత తెరిచి, ఫ్యాన్ రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకుని బ్లోయర్ కొట్టాలి. తర్వాత మూత తీసి, టేబుల్ ఫ్యాన్ పెట్టి ఆడించి చూడండి. ఎక్కువసేపు నిలిస్తే వేడే కారణం. ప్రాసెసర్ మీది పేస్టు ఎండిపోయి ఉండొచ్చు.

యూపీఎస్ చాలుతోందా?
ఇళ్లలో ఎక్కువగా ఉండే 600 వీఏ యూపీఎస్ సాధారణంగా 360 వాట్ల వరకే మోస్తుంది. పెద్ద కార్డున్న యంత్రానికి అది చాలదు. ఓసారి నేరుగా గోడ ప్లగ్గుకు పెట్టి చూడండి. ఆటలో ఫ్రేమ్ రేటును 60కి కట్టేస్తే ఆగడం మానేసిందా? అప్పుడూ అనుమానం పవర్ సప్లై, వేడిల మీదే. పవర్ సప్లై డబ్బాను మాత్రం విప్పొద్దు. ప్లగ్గు తీసినా లోపల కరెంటు నిల్వ ఉంటుంది.

ర్యామ్ పట్టీలు రెండుంటే ఒక్కోటే పెట్టి ఆడించాలి. బయోస్‌లో ఎక్స్‌ఎంపీ ఆపి చూడాలి. డ్రైవర్ అప్‌డేట్ చేశాకే గొడవ మొదలైతే పాతదానికి వెళ్లాలి. ఒకసారికి ఒక్క మార్పే చేయండి. నాలుగూ కలిపి చేస్తే ఏది పనిచేసిందో తెలీదు.

తప్పు ప్రాసెసర్‌ది, నింద కార్డుకు
ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు కొన్నింటికి అవసరానికి మించి ఓల్టేజీ వెళ్తోందని 2024లో ఆ కంపెనీయే ఒప్పుకుంది. బయోస్ ద్వారా సవరణ ఇచ్చింది. వారంటీని మరో 2 ఏళ్లు పెంచింది. ఈ లోపమున్న యంత్రాల్లో కొన్ని ఆటలు తెరవగానే వీడియో మెమరీ చాలలేదన్న సందేశం వస్తుంది. అది చూసి కార్డు మార్చినా ఫలితం ఉండదు. అప్పటికే దెబ్బతిన్న ప్రాసెసర్‌ను బయోస్ సవరణ బాగుచేయలేదు, మార్పించుకోవాల్సిందే. కాబట్టి బిల్లు వెతికి, ఏ తరమో చూసుకోండి.

ఇవన్నీ చేసినా ఆగుతుంటే అప్పుడు దుకాణానికి వెళ్లండి. వాళ్ల దగ్గరున్న వేరే పవర్ సప్లై, వేరే కార్డు పెట్టి కళ్లముందే ఆడించమనండి. తేడా కనిపించాకే డబ్బు తీయండి.